అన్నదే అనే పిల్లాడు

చిక్కడపల్లి నుంచి నారాయణగూడకు నడుస్తుంటే ఏదో ఒక బడి కిటికీలోంచి ఇంగ్లీషు పాఠం వినిపిస్తూనే ఉంటుంది. టీచర్ ఒక వాక్యం చదివితే క్లాసంతా గొంతు కలిపి అదే వాక్యం అంటుంది. అశోక్‌నగర్ వైపు తిరిగితే గ్రూప్స్‌కి చదివేవాళ్లు చెట్టు కింద నోట్సు పట్టుకుని వల్లె వేస్తూ కనిపిస్తారు. మన దగ్గర చదువు వచ్చేది చాలావరకు ఈ దారినే. అదే, ఆటిజం ఉన్న పిల్లాడు విన్న మాటను విన్నట్టే తిరిగి అంటే మాత్రం ‘జవాబు చెప్పడు, అన్నదే అంటాడు’ అని ప్రోగ్రెస్ కార్డులో రాసేస్తారు. ఈ పేటల్లో ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

మా ఆరో తరగతిలో ఒక అబ్బాయికి మెట్రో అంటే ప్రాణం. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 9 స్టేషన్లూ వరస తప్పకుండా చెబుతాడు. రైల్లో విన్న ప్రకటనను అదే గొంతుతో, అదే సాగదీతతో అప్పజెబుతాడు. పాఠం మధ్యలో ఉన్నట్టుండి ‘డోర్స్ విల్ ఓపెన్ ఆన్ ద లెఫ్ట్’ అంటాడు. పిల్లలు నవ్వుతారు. కొన్నాళ్లు గమనిస్తే ఆ మాట ఊరికే రావడం లేదని తెలిసింది. క్లాసంతా ఒక్కసారి గొంతెత్తినప్పుడో, పక్క గదిలో బెంచీలు జరిపినప్పుడో వస్తోంది. ఈ గోల నావల్ల కాదు, బయటికి పోవాలి అని దాని అర్థం. రైల్లో ఆ మాట తర్వాతే కదా తలుపు తీసేది!

1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డూకన్ అనే అమెరికన్ పరిశోధకులు, ఈ మెట్రో మాటలా తర్వాతెప్పుడో కాక, విన్న వెంటనే తిరిగి అనే మాటలను పరిశీలించి ఏడు రకాలుగా విడదీశారు. వాటిలో అవునని చెప్పడం ఉంది, అడగడం ఉంది, సంభాషణలో తన వంతు నిలబెట్టుకోవడం ఉంది. బీఈడీలో ఇది ఒక్క పీరియడైనా చెబితే ఎంత బాగుండునో.

ఇప్పుడు ఆ అబ్బాయి మెట్రో మాట అనగానే పక్కన నిలబడి, అతను అనాల్సిన మాటే నేను అంటాను: ‘ఐ వాంట్ టు గో అవుట్.’ అని వరండాలోకి పంపుతాను. ఎదురుగా నిలబడి ‘డు యు వాంట్ టు గో అవుట్?’ అని అడిగితే ‘యు వాంట్ టు గో అవుట్’ అనే తిరిగొస్తుంది. లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే ఈ ‘ఐ’, ‘యు’ల తారుమారు ఉంది. తెలుగింటి పిల్లాడికి ఇంకో చిక్కు. ఇంట్లో ‘అన్నం కావాలా?’ అంటే ‘కావాలి’ అంటే చాలు, నేనూ నువ్వూ అక్కర్లేదు. ఇంగ్లీషులో అలా కుదరదు. అందుకని ‘ఐ’ అని రాసిన అట్టముక్క ఒకటి పెట్టుకున్నాం. ఎవరు మాట్లాడితే అది వాళ్ల చేతిలో ఉంటుంది. ఇద్దరిద్దరుగా కూర్చుని అట్ట మార్చుకుంటూ మాట్లాడతారు, క్లాసులో అందరూ.

చదవడం ఇతనికి కష్టం కాదు. అశోక్‌నగర్ కోచింగ్ బోర్డులన్నీ గడగడా చదువుతాడు. కానీ ‘కెన్ యు ఓపెన్ ద బుక్?’ అంటే ‘యెస్’ అని కూర్చుంటాడు. అడిగింది అదే కదా. ‘ఓపెన్ ద బుక్’ అంటే తెరుస్తాడు.

వాళ్లమ్మ ఓ రోజు వచ్చి, ‘ఇంట్లో తెలుగు మానేయమంటున్నారు మేడమ్, రెండు భాషలైతే వాడికి అయోమయమట’ అంది. ‘మానకండమ్మా’ అన్నాను. రెండు భాషల వల్ల ఈ పిల్లలకు మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. నిద్రపుచ్చే మాట, కోప్పడే మాట, నానమ్మ మాట తీసేస్తే ఆ ఇంట్లో పిల్లాడితో మాట్లాడేదెవరు?

ఈ పిల్లలను బడులు చేర్చుకోక తప్పదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు 10 మందికి, ఆపైన 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసింది. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. అంటే ఇంగ్లీషులో తప్పిపోయిన పిల్లాడు సైన్సులోనూ సోషల్‌లోనూ తప్పిపోతాడు. స్పెషల్ టీచర్ వచ్చేదాకా ఆగుదామంటే వాడి ఆరో తరగతి ఆగదు.

సీబీఎస్‌ఈలో ఈ పిల్లలకు మూడు గంటల పరీక్షకు గంట అదనంగా ఇస్తారు. మంచిదే. కానీ రాజు కథ పాఠంలోని ‘హౌ డిడ్ ద కింగ్ ఫీల్?’ అన్న ప్రశ్న ముందు గంట కాదు, పూట ఇచ్చినా అతను అలాగే కూర్చుంటాడు. ‘వాట్ డిడ్ ద కింగ్ డు?’ అంటే రాజు కత్తి విసిరేశాడని రాస్తాడు. దాని కిందే ‘యాంగ్రీ’, ‘హ్యాపీ’ అని రెండు మాటలిచ్చి ఏది సరైనదో గీత గీయమంటే గీస్తాడు. అప్పుడు అతనికి ఆ కథ తెలుసని మనకు తెలుస్తుంది. ఈసారి పేపరు తయారుచేసే మిత్రులను నేను అడుగుతున్నది ఇంతే: రాజు మనసు అడిగే ముందు, రాజు చేసిన పని అడగండి.