తగ్గింపు ఎవరిది?

విజయవాడ నుంచి బందరు దాకా కృష్ణా డెల్టాలో ఏ పాత చర్చికి వెళ్లినా ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం కనిపిస్తుంది. కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. లోపల చాలాచోట్ల వినిపించేది దైన్యం: నేను అల్పుణ్ణి, అయోగ్యుణ్ణి, కృప తప్ప నాకు వేరే దిక్కు లేదు. రామదాసు, త్యాగయ్య తెలిసిన చెవికి ఇదేమీ కొత్త గొంతు కాదు. క్రైస్తవం తెలుగు భక్తిలో ఎంత చక్కగా ఇమిడిపోయిందో అని మెచ్చుకుని ఊరుకోవచ్చు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ పాటల్లో ‘నేను’ ఎవరు?

ఆ పుస్తకంలో పెద్ద గొంతు పురుషోత్తమ చౌధరిది (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవం తీసుకున్నవాడు. అలాంటి మనిషి తనని అల్పుణ్ణి అనుకోవడం ఒక చర్య. ఎత్తు మీంచి తెలిసి తెలిసి దిగడం. అదే పాట డెల్టాలోని మాలపల్లెకీ మాదిగపల్లెకీ చేరింది. అక్కడి మనిషికి దిగడానికి మెట్టేది? ‘నువ్వు అల్పుడివి’ అని ఊరు అతనితో రోజూ అంటూనే ఉంది కదా! దేవుడి ముందు పాడే దైన్యానికీ, కామందు ముందు చేతులు కట్టుకుని నిలబడే దైన్యానికీ మాటలు ఒకటే అయిపోయాయి. ఈ చిక్కుని పట్టించుకోకుండా ‘తగ్గింపు’ గురించి ప్రసంగాలు చేస్తే, అవి కింద ఉన్నవాణ్ణి కిందే ఉంచడానికి పనికొస్తాయి.

పల్లె జనం మాత్రం కృపని అలా అర్థం చేసుకోలేదు. కృష్ణా జిల్లా రాఘవాపురంలో 1859లో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద థామస్ డార్లింగ్ చేత బాప్తిస్మం పొందాడు. మిషనరీ తన దగ్గరికి వచ్చేదాకా అతను ఎదురుచూడలేదనీ, నిజమైన దేవుడెవరని తానే వెతుక్కుంటూ వెళ్లాడనీ చెప్పుకుంటారు. కృప అతన్ని ఇంకా వంచలేదు, లేపి నిలబెట్టింది.

ఈ నిలబడటాన్ని కవిత్వం చేసినవాడు జాషువా (1895–1971). ‘గబ్బిలం’లో దళితుడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురు పంపుతాడు. గుడిలోకి దానికి ప్రవేశం ఉంది, తనకి లేదు. ఆ విన్నపంలో వినయం ఉంది, కానీ నోరు మూసుకోవడం లేదు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ‘గబ్బిలం’ చదివాక దాని దగ్గరికి వెళ్తే, వడ్రంగి ఇంట పెరిగిన క్రీస్తు మనకి వేరేగా కనిపిస్తాడు.

ఒకప్పుడు బందరులో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగాడు. ఈ సంగతి విన్నప్పుడల్లా యోహాను సువార్తలో క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం నాకు గుర్తొస్తుంది. మనం ఎప్పుడూ వంగిన గురువు గురించే మాట్లాడతాం. పేతురు సంగతి మరిచిపోతాం. నా కాళ్లు నువ్వు కడగడమేమిటని అతను ఒప్పుకోడు. చూడటానికి అదీ వినయమే. క్రీస్తు మాత్రం దాన్ని అంగీకరించడు. కాళ్లు చాపమంటాడు. పైవాడు వంగడం ఎంత కష్టమో, కిందివాడు ముడుచుకుపోకుండా పాదం చాపడమూ అంత కష్టం. జాషువా తన పాదం వెనక్కి తీసుకోలేదు. ఆత్మీయ ఎదుగుదల అంటే నా దృష్టిలో ఈ రెండూ నేర్చుకోవడం.

దేవుడి ముందు అందరూ చిన్నవాళ్లే కదా, ఇందులో కులమెందుకు అని అడిగేవాళ్లున్నారు. సిద్ధాంతంగా అది సరైనదే. కానీ ఇదే డెల్టాలో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి ఉన్న ఊళ్లున్నాయి. తగ్గింపు గురించి చెప్పే సభలకి ప్రసంగీకుడి నిలువెత్తు ఫ్లెక్సీలు కడుతున్నాం. అందరూ చిన్నవాళ్లేనన్న మాట గుడి గడప దాటి ఇంకా వీధిలోకి రాలేదు.

అందుకని ఆ కీర్తనలు పాడటం మానమనడం లేదు. దైన్యం గొప్ప కవిత్వాన్నిచ్చింది, ఎంతోమందిని ఓదార్చింది. అయితే విమర్శకుడు రాగం, తాళం, ఛందస్సు చూసినట్టే ఆ పాట ఏ నోట పలుకుతోందో కూడా చూడాలి. బోధకుడు ‘తగ్గించుకోండి’ అనే ముందు ఎదురుగా కూర్చున్నవాళ్లని ఒకసారి చూడాలి. వాళ్లలో కొందరికి ముందు ‘లేవండి’ అని చెప్పాలి.