గిటార్ మీద త్యాగయ్య

బెంగళూరు రాక్ బృందం ‘అగం’ త్యాగరాజస్వామి వారి నళినకాంతి రాగకృతి ‘మనవ్యాలకించరాదటే’ను ఎలెక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్ములతో వినిపించింది. కరెంటు తగిలితే కర్ణాటక సంగీతం చెడుతుందనే పెద్దలు మనలోనూ ఉన్నారు. ఆ వాదన నిలవదు. పాలకొల్లులో 1969లో పుట్టి, 2014లో గతించిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలెక్ట్రిక్ మాండలిన్ మీదనే గమకాలు పలికించాడు. నాలుగు జతల తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు బిగించుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని వాయించేవాడు. ఆ తీగల వెనుక గొంతు ఉంది, గొంతులో సాహిత్యం ఉంది.

‘అగం’ గాయకుడు హరీష్ శివరామకృష్ణన్ రాగాన్ని విడవరు. కాని వాద్యాలన్నీ విజృంభించిన చోట మాట మసకబారుతుంది. ఆంధ్రదేశంలో అది చిన్న లోపం కావచ్చు. మారిషస్ చెరకుతోటల కూలీల సంతతివారమైన మనకు తెలుగు చాలావరకు పాటగా, రామభజనంగా మిగిలింది. మాట వినబడని పాట మన పిల్లలకు తెలుగు నేర్పదు. గిటార్‌ను రానిద్దాం, మాటను మాత్రం మునగనివ్వవద్దు.

— ఉనైజా, సౌదీ అరేబియా