భాషాపటంలో రంగు, చుక్క

భారతదేశ భాషల పటం విద్యార్థులకు కొత్తది కాదు. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క రంగు పూసి, దానిపై భాష పేరు రాస్తారు. చూడగానే బోధపడే ఈ పటం గుణదోషాలను పరిశీలిద్దాం.

సమాచార చిత్రణ గురించి ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికమే. సంఖ్యల్లో తేడా ఎంతో చిత్రంలో తేడా అంతే ఉండాలన్నది ఆయన చెప్పిన ముఖ్యసూత్రం. ఈ కొలబద్దతో మన పటాన్ని తప్పుపట్టలేం. అందులో సంఖ్యలే లేవు. కాని 2011 జనాభా లెక్కల్లో తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షల మంది తెలుగువారు నమోదయ్యారు. హోసూరు, కోలారు, షోలాపూర్, బరంపురం - ఏ ఊరి తెలుగూ ఆ పటంలో కనబడదు. అబద్ధం చెప్పని పటం కూడా నిజాన్ని దాచగలదన్నమాట.

లోపం ఎక్కడుంది? ఫ్రెంచి పండితుడు ఝాక్ బెర్తాఁ 1967 నాటి తన గ్రంథంలో, రంగు రకాన్ని చూపుతుందే గాని పరిమాణాన్ని చూపలేదని వివరించాడు. చిత్రం ఏ ప్రశ్నకు జవాబిస్తుందన్నదే ఆయన విచారణకు మూలం. మన పటం జవాబిచ్చే ప్రశ్న "ఇక్కడ అధికసంఖ్యాకుల భాష ఏది?" అన్నది. శీర్షిక మాత్రం "భారతదేశ భాషలు". దోషం ఈ రెంటి పొత్తు కుదరకపోవడంలో ఉంది.

దీనికి ప్రత్యామ్నాయం చుక్కల పటం. పదివేల మందికి ఒక చుక్క చొప్పున తెలుగువారిని గుర్తిస్తే తమిళనాట 420కి పైగా, ఒడిశాలో 70 చుక్కలు పడతాయి. అయితే వాటిని రాష్ట్రమంతటా సమంగా చల్లితే అది మరో అసత్యం. 1854 నాటి లండన్ కలరా మరణాలను జాన్ స్నో తన పటంలో ఇంటింటి దగ్గర గుర్తించాడు. అందుకే బ్రాడ్ వీధి పంపు చుట్టూ అవి గుమిగూడిన తీరు చూపరికి తెలుస్తుంది. చుక్క ఎక్కడ పెట్టామన్నదీ సమాచారమే.

యానాం సంగతి వేరు. వైశాల్యం 30 చదరపు కిలోమీటర్లు, 2011లో జనాభా సుమారు 55 వేలు. గోడపటంలో అది నువ్వుగింజంత కూడా ఉండదు. ఐదు చుక్కలకు చోటు చాలదు. పక్కన గడి కట్టి పెద్దదిగా చూపాలి.

పది భాషల చుక్కలు ఒకేచోట కలిస్తే పటం చదవలేమన్న ఆక్షేపణ సరైనదే. కనుక భాషకొక పటం ఉండాలి. రంగుల పటాన్నీ పారవేయనక్కరలేదు, శీర్షిక సరిచేస్తే చాలు. జిల్లాలవారీ మాతృభాషల లెక్కలు జనగణన పట్టికల్లో లభిస్తాయి. మన విద్యార్థులు తమ జిల్లాతో ఆ పని మొదలుపెట్టవచ్చు.