ఫోను సంవత్సరం అడగదు

ఈ వారం ఒక టీవీ చర్చలో కృత్రిమ మేధ గురించి మాట్లాడుతూ ఒక పెద్దమనిషి, "ఇదంతా వైటుకె లాంటి హడావిడే. అప్పుడూ ప్రపంచం ఆగిపోతుందన్నారు. ఏమైంది? జనవరి ఒకటో తారీఖు పొద్దున్నే అందరి ఫోన్లూ మోగాయి" అన్నాడు. పక్కనున్నవాళ్లు తలలూపారు. యాంకర్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. నేను టీవీ కట్టేశాను గానీ కోపం తగ్గలేదు.

ఈ కాలమ్ చాలాకాలంగా చదువుతున్నవాళ్లకు ఆ కోపం కొత్త కాదు. వరద రాత్రి కాలువ గట్టు మీద లాంతరుతో తిరిగే లస్కరు గురించి రాసినప్పుడూ, రైలు పట్టాల వెంట సుత్తి పట్టుకుని నడిచే గ్యాంగ్‌మన్ గురించి రాసినప్పుడూ నేను చెప్పింది ఒకటే: ఏమీ జరగకపోవడం కూడా ఒకరి చేతిపనే. తెగిన గట్టు ఫొటో పేపర్లో వస్తుంది, తెగని గట్టుది రాదు. ఫోన్లు మోగాయంటే మోగేలా చూసినవాళ్లు ఉన్నారని గట్టిగా రాద్దామని కూర్చున్నాను.

వైటుకె జబ్బు సంగతి పెద్దవాళ్లకు తెలుసు, కుర్రవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు కంప్యూటర్‌కు సమాచారం 80 గళ్ల అట్టముక్కల మీద చిల్లులుగా ఎక్కేది. గడి గడికీ ఖర్చు. అందుకని సంవత్సరంలో 19 వదిలేసి చివరి రెండంకెలే రాశారు. 1999 డిసెంబరు 31 అంటే 991231. మర్నాడు 000101. యంత్రం కళ్లకు రెండోది చిన్నది, అంటే పాతది. నిన్నటికన్నా ఇవాళ వందేళ్లు వెనకది. ఇంతే జబ్బు.

ఇలా తిరిగి మొదటికొచ్చే లెక్క మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. 2000 జనవరి 1న మన పంచాంగం ప్రకారం నడుస్తున్నది ప్రమాది. "ప్రమాదిలో పుట్టాడు" అంటే 1999-2000 అనుకోవచ్చు, 1939-40 అనీ అనుకోవచ్చు. అరవై ఏళ్లకోసారి పేర్లు మళ్లీ మొదలవుతాయి కనక మనిషి వయసును బట్టి ఇంట్లోవాళ్లు తేల్చుకునేవారు. కానీ రాతి మీద చెక్కేవాడు అలా వదల్లేదు. మన శాసనాలు చాలావాటిలో సంవత్సరం పేరుతో పాటు శక సంవత్సరం అంకె కూడా ఉంటుంది. రాతి మీద ఒక్కో అక్షరానికీ చెమటోడ్చాలి, అయినా ఆ అంకెలన్నీ చెక్కారు. చదివేవాడు ఎప్పుడో, ఎవరో తెలియదన్న ఎరుక వాళ్లకుంది. 1960లలో ప్రోగ్రాం రాసినవాడికి తన ప్రోగ్రాం 1999 దాకా బతుకుతుందన్న ఊహే లేదు.

ఇక టెలిఫోన్ల సంగతి. మా చిన్న మేనమామ గోదావరి జిల్లాలో ఒక పట్నం ఎక్స్ఛేంజిలో జేటీఓ, అంటే జూనియర్ టెలికాం ఆఫీసరు. బీఎస్‌ఎన్‌ఎల్ అన్న పేరు ఇంకా రాలేదు, అది 2000 అక్టోబరు 1న పని మొదలుపెట్టింది. అప్పటికి టెలికాం శాఖే, జనం నోట్లో "టెలిఫోన్స్". మావయ్య స్ట్రోజర్ ఎక్స్ఛేంజిల కాలంలో చేరినవాడు. మనం ఇంట్లో డయల్ తిప్పిన ప్రతి అంకెకూ అక్కడ సెలెక్టర్ టకటకా మెట్లెక్కి, పక్కకు తిరిగి, లైను పట్టుకునేది. ఆల్మన్ స్ట్రోజర్ అనే అమెరికన్ 1891లో పేటెంటు పొందిన ఏర్పాటు అది. ఆయన వృత్తి అంత్యక్రియలు జరిపించడం. తనకు రావలసిన కాల్స్ ఆపరేటరమ్మ పోటీదారుకు కలిపేస్తోందన్న అనుమానంతో, మనిషి అక్కర్లేకుండా కాల్ కలిపే యంత్రం కనిపెట్టాడంటారు. 1892లో ఇండియానా రాష్ట్రంలో లా పోర్ట్ అనే ఊళ్లో మొదటి ఎక్స్ఛేంజి నడిచింది. దానికి తారీఖు తెలియదు, గంట తెలియదు. 2000 వచ్చినా 3000 వచ్చినా దానికి ఒకటే.

తర్వాత రోజులు మారాయి. 1984లో పుట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ తయారుచేసిన 128 పోర్టుల చిన్న ఎక్స్ఛేంజి ఏసీ గది అడక్కుండా పల్లెల్లో కుదురుకుంది. పట్నాలకు ఫ్రెంచి పరిజ్ఞానంతో మన్కాపూర్ ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ)లో తయారైన ఇ-10బి వచ్చింది. ఈ కొత్తవాటికి ప్రాసెసరు ఉంది, ప్రాసెసరుకు గడియారం ఉంది, గడియారం వెనక క్యాలెండరు ఉంది. 1999లో అందరి భయమూ ఆ క్యాలెండరు మీదే.

ఆ ఏడు నేను ఎక్స్ఛేంజికి వెళ్లేసరికి మావయ్య టేబుల్ మీద ప్రొఫార్మాల కట్ట ఉంది. ఎక్స్ఛేంజిలో ఉన్న ప్రతి వస్తువుకూ ఒక వరుస: తయారీదారు ఎవరు, ఏ మోడల్, సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, లోపల తేదీ ఉందా, ఉంటే ఎన్నంకెలు, సరేనని సంతకం చేసింది ఎవరు. కాల్స్ కలిపే స్విచ్చి ఒక్కటే కాదు, బ్యాటరీ ఛార్జరు, ట్రాన్స్‌మిషన్ పరికరాలు, ఏసీ, ఫైర్ అలారం, బిల్లుల కంప్యూటరు, ఆఖరికి డీజిల్ ఇంజను.

"ఇంజనుకి తారీఖేంటి మావయ్యా?" అన్నాను.

"ఇంజనుకి లేదురా. కరెంటు పోగానే దాన్ని స్టార్ట్ చేసే ప్యానెల్లో చిప్పు ఉందేమో చూడొద్దూ? ఆ రాత్రి కరెంటు పోయి, ఇంజను లేవకపోతే బ్యాటరీలు ఎన్ని గంటలు మోస్తాయి?"

గడియారం ఒకసారి ముందుకు తిప్పి చూస్తే తేలిపోతుంది కదా అన్నది నా రెండో ప్రశ్న. అలా కుదరదట. నడుస్తున్న ఎక్స్ఛేంజిలో తేదీ తిప్పితే ఆ కాసేపట్లో జనం మాట్లాడిన ప్రతి కాల్‌కీ రాబోయే సంవత్సరం ముద్ర పడుతుంది, తిరిగి వెనక్కి తెచ్చాక ఆ లెక్కలన్నీ చిక్కుపడతాయి. అందుకని పరీక్షలు తయారీదారుల దగ్గర విడిగా పెట్టిన నమూనా ఎక్స్ఛేంజిల మీద చేసేవారు. దిద్దుబాటు వచ్చాక రాత్రి కాల్స్ పలచబడ్డ వేళ ఇక్కడ ఎక్కించేవారు. పరీక్షించాల్సిన తేదీలు కూడా డిసెంబరు 31 ఒక్కటే కాదు. 9-9-99 ఒకటి, ఎందుకంటే వరసగా తొమ్మిదులు రాస్తే "ఇక్కడితో ముగింపు" అని కొన్ని పాత ప్రోగ్రాముల్లో వాడుక. 2000 ఫిబ్రవరి 29 ఇంకోటి. వందతో భాగించబడే సంవత్సరం లీపు కాదు, కానీ నాలుగువందలతో భాగించబడితే లీపే. సగం నియమమే గుర్తున్న ప్రోగ్రామరు ఆ రోజును మింగేసి ఉండొచ్చు.

ఇదంతా ఓపిగ్గా చెప్పి, చివర్లో మావయ్య అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "కానీ చూడరా, ఫోను సంవత్సరం అడగదు. నువ్వు రిసీవర్ ఎత్తగానే లైన్లో కరెంటు పారుతుంది. ఎక్స్ఛేంజి అది కనిపెట్టి టోన్ ఇస్తుంది. నంబరు తీసుకుని, దారి వెతికి, అవతల గంట కొడుతుంది. ఇందులో సంవత్సరం ఎక్కడుంది?"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఒక ఎక్స్ఛేంజి ఇంకో ఎక్స్ఛేంజికి కాల్ అందించేటప్పుడు నంబర్ 7 సిగ్నలింగ్‌లో పంపేది ఎవరికి కలపాలి, ఎవరు చేస్తున్నారు, ఏ సర్క్యూట్ మీద అన్న సంగతులు. సంవత్సరం అందులో లేదు. అమెరికాలో ఇళ్లకు వచ్చే కాలర్ ఐడీలో నెల, తేదీ, గంట, నిమిషం ఉంటాయి. సంవత్సరానికి చోటే పెట్టలేదు. అంటే ఒకచోట క్యాలెండరు చెడినా ఆ చెడు కాల్ వెంట పక్క ఊరికి పాకదు.

మరి సంవత్సరం ఎక్కడ కావాలి? డబ్బు దగ్గర. అప్పట్లో ఎస్టీడీ పల్సు రేటు పగలొకటి, పొద్దుపోయాక ఒకటి, ఆదివారం ఒకటి. అర్ధరాత్రి దాకా మేలుకుని ఎస్టీడీ బూత్‌ల ముందు వరసలో నిలబడ్డవాళ్లకు ఆ రేట్లు కంఠస్థం. ఆదివారం ఏదో తెలియాలంటే ఎక్స్ఛేంజికి సంవత్సరం తెలియాలి. 2000 జనవరి 1 శనివారం, 1900 జనవరి 1 సోమవారం. వెనక్కి వెళ్లిపోయిన యంత్రానికి జనవరి 2, ఆదివారం కాస్తా మంగళవారం అవుతుంది. రాయితీ పోయి నిండు రేటు పడుతుంది. ఇంకోటి, పాత సంవత్సరంలో మొదలై కొత్త సంవత్సరంలో ముగిసిన కాల్. పూర్తి తేదీలు తీసివేసి వ్యవధి కట్టే బిల్లింగు ప్రోగ్రాముకు ఆ కొద్ది నిమిషాల మాట వందేళ్ల మాటగా కనిపించొచ్చు. అంటే 5 కోట్ల 25 లక్షల నిమిషాల పైమాటే.

మావయ్యకు అసలు భయం యంత్రం గురించి కాదు. "పన్నెండు కొట్టగానే పనిచేస్తోందో లేదో చూద్దామని ఊరంతా రిసీవర్ ఎత్తుతుందిరా" అనేవాడు. ఏ ఎక్స్ఛేంజీ ఊరందరికీ ఒకేసారి దారి ఇవ్వలేదు. నూటికి పదిమంది, కాస్త అటూఇటూగా, ఒకే వేళకు మాట్లాడతారన్న అంచనాతో కడతారు. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో వేసిన పునాది మీద నిలబడ్డ లెక్క అది. అమెరికాలో కూడా ఊరికే పరీక్షించడానికి ఆ వేళ ఫోన్ ఎత్తొద్దని జనాన్ని వేడుకున్నారు.

డిసెంబరు 31న మనకు సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఆక్లండ్‌లో కొత్త సంవత్సరం వచ్చేసింది. అక్కడేమీ ఆగలేదు. మన టీవీల్లో ఆ వేళ వైటుకె వెనకబడింది, హైజాకైన విమానంలోని బందీలు కాందహార్ నుంచి విడుదలైన రోజది. ఎనిమిదిన్నరకు టోక్యో దాటింది. మావయ్య రాత్రంతా డ్యూటీలోనే. పన్నెండింటికి ట్రాఫిక్ ఒక్కసారి లేచి, కాసేపట్లో దిగింది. అంతే.

ప్రపంచమంతా చూసినా టెలిఫోన్ల వరకు దొరికేవి చిన్న సంగతులే. జపాన్‌లో ఒసాకా మీడియా పోర్ట్ అనే టెలికాం సంస్థ తన నెట్‌వర్క్‌లో తేదీల నిర్వహణ చూసే భాగంలో తప్పులు గమనించి తెల్లవారేలోపే సరిచేసింది, సేవలు ఆగలేదు. ఎన్‌టీటీ డొకొమో ఫోన్లు కొన్నిటిలో మెమరీ నిండినప్పుడు పాత మెసేజ్‌లకు బదులు కొత్తవి చెరిగిపోయాయి. ఇక నా వాదనకు ఎదురు నిలిచే సంగతి ఇంకా పెద్దది. ఇటలీ, రష్యా లాంటి దేశాలు ఆలస్యంగా, అరకొరగా సిద్ధమయ్యాయి. అక్కడా ఫోన్లు మోగాయి. గట్టు మీద లస్కరు తిరగని చోట కూడా గట్టు తెగలేదు.

కాబట్టి నేను రాద్దామని కూర్చున్నది రాయలేను. వాళ్లు పనిచేయకపోతే ఫోన్లు మూగబోయేవి అనడం అబద్ధం. చాలామటుకు మోగేవే. భయం అక్కర్లేనంత పెద్దది చేశారన్న మాటలో టీవీలో పెద్దమనిషిదే సరి.

పని వృథా అన్నచోట మాత్రం ఆయనతో నాకు రాజీ లేదు. "ఫోను సంవత్సరం అడగదు" అన్న మాట ఇప్పుడు అందరం అనగలం. 1999లో అది అనగలిగింది స్విచ్చిని మూత విప్పి చూసినవాడే. అదీ తన ఎక్స్ఛేంజి వరకే. పక్క జిల్లాలో ఏ వెర్షన్ ఉందో, సముద్రం అవతలి గేట్‌వేలో ఏముందో మావయ్యకు తెలియదు. ఒక కాల్ ఎన్ని కంపెనీల పెట్టెలు దాటి వెళుతుందో ఆ అన్నిటి గురించీ ఎవరో ఒకరు అడిగి, రాసి, సంతకం పెడితే తప్ప ఆ మాట దేశానికి చెప్పడానికి పనికిరాదు. ఆ ప్రొఫార్మాల కట్ట చేసింది అదే. ఏ కార్డుకు స్పేరు లేదో, ఏ పరికరం తయారీదారు మూతపడ్డాడో తన సర్వీసులో మొదటిసారి ఒకే చోట చూశానని మావయ్య అనేవాడు. ఫోను మోగడం, మోగుతుందని తెలియడం వేర్వేరు సంగతులు. ఆసుపత్రులూ అగ్నిమాపక కేంద్రాలూ నడిపేవాళ్లకు ముందుగా కావలసింది రెండోది.

బిల్లుల సంగతి వేరు. అక్కడ జబ్బు నిజం, వైద్యం నిజం. ఆ వైద్యంలో మన పిల్లల చేతులున్నాయి. అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకుని, మద్రాసులో అమెరికా కాన్సులేటు ముందు తెల్లవారుజామున వరస కట్టి వెళ్లినవాళ్లు చాలామంది. అమెరికా హెచ్-1బి పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచిన కాలమది. వాళ్లలో కొందరికి దక్కినవి టెలిఫోను కంపెనీల బిల్లింగు ప్రోగ్రాములు. తేదీ ఉన్న గడికి "డేట్" అని పేరుంటే వెతకడం సులువు. రాసినవాడు ఇష్టమొచ్చిన పేరు పెట్టి రిటైరైపోతే వరసవరసా చదవాల్సిందే. పుట్టిన దేశం కాదు, తాము రాసిన ప్రోగ్రాం కాదు, అయినా ఎవరో ముసలమ్మ ఫోను బిల్లు తప్పు రాకూడదని రాత్రుళ్లు కూర్చున్నారు. ఆ పనిని డాలర్ల కథగానే చెప్పుకుంటున్నాం. చేతిపనిగా రాసినవాళ్లు నాకు కనబడలేదు.

ఆ పనిలో ఒక దగ్గరిదారి ఉండేది. రెండంకెలను నాలుగు చేయడానికి ఫైళ్లన్నీ మార్చాలి, వ్యవధి లేదు. అందుకని చాలాచోట్ల అంకెలు రెండే ఉంచి, మధ్యలో ఒక గీత గీశారు. గీత 30 అయితే 00 నుంచి 29 వరకు 2000లవి, 30 నుంచి 99 వరకు 1900లవి. గీత దాటిన రోజు జబ్బు మళ్లీ మొదటికి వస్తుంది. ఒకరు 30 పెట్టారు, ఒకరు 40, ఒకరు 50. ఆ ప్రోగ్రాములు కొన్ని ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

అందుకే ఈ కాలమ్ చదివే అన్నలకూ అక్కలకూ, న్యూజెర్సీలో ఉన్నా నిజామాబాద్‌లో ఉన్నా, ఒక అభ్యర్థన. 1998, 1999లలో ఏ టెలిఫోను కంపెనీ ప్రోగ్రాముల మీదైనా మీరు కూర్చుని ఉంటే, మీరు దిద్దిన పని గురించి మీకు గుర్తున్నంత రాయండి: ఏ భాషలో, ఏ రకం లెక్క, ఎలా పరీక్షించారు. గీత ఏ అంకె దగ్గర గీశారో గుర్తుంటే, నాకన్నా ముందు ఆ కంపెనీకి రాయండి.