‘క’ పలికించే ఓర్పు

కాకిని ‘తాతి’ అంటే ఇంట్లో మురిసిపోతారు. బళ్ళో వెక్కిరిస్తే పిల్లాడు నోరే మెదపడు. వాడి ముందు కూర్చునే స్పీచ్ థెరపిస్టు ఓర్పంటే నాకెంతో గౌరవం. ‘సరిగ్గా పలుకు’ అని ఆమె గద్దించదు. వినికిడి బాగుందని తేలాక, ముందు చెవికి తేడా పట్టిస్తుంది: కోక, తోక బొమ్మలు పక్కపక్కన పెట్టి, తను పలికినదాన్ని చూపించమంటుంది. తర్వాత అద్దం. ‘త’కు నాలుక కొన పళ్ళను తాకడం కనిపిస్తుంది. ‘క’కు నాలుక వెనకభాగం లేచి అంగిటిని తాకాలి, అదేమో కంటికి ఆనదు. అందుకే కొనను పుల్లతో మెల్లగా కిందికి అదిమి పలికిస్తుంది. ఎంత సున్నితమైన చెయ్యి! విడి శబ్దం కుదిరాక మాటలు, వాక్యాలు. అసలు కష్టం ఆ తర్వాతే: ఆటలో, అలకలో, తలచుకోకుండానే ‘క’ రావాలి. దానికి నెలలు పట్టొచ్చు, ఇంట్లోనూ రోజూ కాసేపు సాధన చేయించాలి.