పక్షవాతము, చూపు, డ్రైవింగు లైసెన్సు: రెండు పత్రములపై ఒక విమర్శ

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో డ్రైవింగు లైసెన్సు కోరువారి ఆరోగ్యమును గూర్చి రెండు పత్రము లున్నవి. ఫారం 1 దరఖాస్తుదారు తానే వ్రాసి యిచ్చునది. ఫారం 1ఏ వైద్యుడు పరీక్షించి యిచ్చునది. మెదడులో రక్తనాళము పూడుకొనిగాని చిట్లిగాని పక్షవాతము వచ్చి, కాలుసేతులు బాగుపడిన మనిషి తిరిగి బండి నడపవచ్చునా? ఈ పత్రములు దీనికి ఎంతవరకు సమాధాన మీయగలవో చూతము.

చూపు విషయమున వీటి ముఖ్యమైన కొలత ఒక్కటే: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరమునుండి కారు నంబరు పలకను గుర్తించగలడా? ఇది కంటి వెనుక పొరలో నడుమనున్న పసుపు చుక్క సామర్థ్యమును తెలుపును. కాని చూచునది కన్ను మాత్రమే కాదు, మెదడు కూడ. మెదడు వెనుక భాగము దెబ్బతిన్నచో రెండు కండ్లలోను ఒకే ప్రక్క చూపు సగము పోవచ్చును. కుడి పార్శ్వము దెబ్బతిన్నచో కొందరికి ఎడమ ప్రక్కనున్నది కంటబడినను మనసున బడదు. పళ్లెములో ఎడమవైపు అన్నము అట్లే వదలుదురు. గడియారము గీయుమనిన పన్నెండంకెలను కుడి సగముననే ఇరికింతురు. అట్టివారికి ఎదుటి పలక చక్కగా కనబడవచ్చును!

మన దేశమున బండ్లు రోడ్డుకు ఎడమప్రక్కగా నడచును. జడ్చర్ల మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిపైనను, నకిరేకల్ మీదుగా పోవు 65వ నంబరు రహదారిపైనను పాదచారులు, సైకిళ్లు, గొర్లమందలు తరచుగా ఎడమ అంచుననే ఎదురగును. లోపము సరిగా ఆ ప్రక్కనే.

ప్రజలకు అపాయము కలిగించు జబ్బు మరేదైన గలదా అని ఫారం 1 అడుగును. నిజాయితీపరుడును లేదనియే వ్రాయవచ్చును; ఏలయన ఈ లోపము తరచుగా రోగికి తానుగా తెలియదు. 1988 నాటి చట్టములో 16వ సెక్షను ప్రకారము, అనర్హుడని నమ్ముటకు కారణమున్నచో అధికారి వైద్యపత్రము కోరవచ్చును. కాని కోరునది ఆ నమూనా పత్రమునే!

బ్రిటనులో 20 మీటర్ల పలక పరీక్ష గలదు. అయితే దానితో ఆగలేదు. అడ్డముగా కనీసము 120 డిగ్రీల మేర చూపు ఉండవలెను. పక్షవాతము పిమ్మట ఒక నెల కారు నడపరాదు. నాటింగ్‌హామునకు చెందిన నౌరీ, లింకన్‌లు రూపొందించిన పరీక్షలో చుక్కలను ఏరి కొట్టివేయుట, రోడ్డు గుర్తులను సందర్భమునకు జతపరచుట వంటివి గలవు. దానిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనరాదు. మన రోడ్లు వేరు. పైగా కాగితపు పరీక్ష వడపోత మాత్రమే. తుదితీర్పు శిక్షకుడు ప్రక్కనుండగా బండి నడిపినప్పుడే.

పక్షవాతము వచ్చినవారందరును అనర్హులు కారు. ఆటో నడిపి కుటుంబమును పోషించువాని లైసెన్సును పరీక్షింపకయే తీసివేయుట అన్యాయము. పరీక్షింపకయే ఉంచుట అపాయము.

నల్లగొండలోను, మహబూబునగరములోను ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. ఎదుట కూర్చుండి వ్రేళ్లాడించి ఇరుప్రక్కల చూపును పరీక్షించుటకు, గీసిన గీతకు నడుమ గుర్తు పెట్టుమనుటకు ఖరీదైన యంత్రము లక్కరలేదు. ఫారం 1ఏ లో ఈ రెంటికి చోటు కల్పింపవలెను. ఉపాధ్యాయులు కంటి పాఠము చెప్పునప్పుడు అక్షరములను చదువగలుగుట వేరు, చుట్టుప్రక్కల నెరుగుట వేరని విద్యార్థులకు తెలుపుదురుగాక.