ట్రాన్స్‌ఫర్‌లో ఉండిపోయిన పుస్తకం

రాయపూర్ ఎయిర్‌పోర్టు తూకంలో నా పెట్టె 25 కిలోల 400 గ్రాములు చూపించింది. 23 దాటకూడదట. "దో కిలో నికాలియే, ఆంటీజీ" అంది కౌంటర్లో పిల్ల. వెనక బారెడు క్యూ. అక్కడే నేలమీద పెట్టె తెరిచి కూర్చున్నాను. లోపల బట్టలు పోగా రెండే రకాల సరుకు: తినేవి, చదివేవి. సున్నుండల డబ్బా, కందిపొడి, ఇంకేవో పొట్లాలు తీసి, దిగబెట్టడానికొచ్చిన మా మేనల్లుడి చేతిలో పెట్టాను. "పుస్తకాలు తీసెయ్యొచ్చు కదత్తా, ఫోన్లో చదువుకోవచ్చు" అన్నాడు. వాడికి ఇరవై రెండేళ్లు. వాడికి చెప్పి ఒప్పించేంత టైము క్యూ ఇవ్వలేదు.

పెట్టెలో ఉన్నవి నాలుగు పుస్తకాలు. మూడు ఎక్కడైనా దొరుకుతాయి. నాలుగోది ప్రపంచం మొత్తానికీ ఒక్కటే కాపీ. పైగా అది నాది కాదు. 1975లో అరువు తెచ్చుకున్నాను.

బైండు పుస్తకమంటే ఏమిటో ఇప్పటివాళ్లకి కాస్త చెప్పాలి. వారపత్రిక రాగానే పిన్నులు ఊడదీసి సీరియల్ పేజీలు విడిగా తీసి, పరుపు కింద చదునుగా పెట్టేవారు. నవల పూర్తయిన వారం పిన్ని (నా నేస్తం వాళ్లమ్మ, మా పక్క క్వార్టరు) మైదాపిండి లై ఉడకబెట్టేది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం. పేజీల అంచులు కలిపి పేర్చి, పైన పొత్రం బరువు పెట్టి, దబ్బనంతో అయిదు బెజ్జాలు పొడిచి పురికొస దూర్చి లాగేది. అట్టకి పాత క్యాలెండరు. మా పుస్తకం వెనకట్ట మీద ఇప్పటికీ వేంకటేశ్వరస్వామి నడుం నుంచి పాదాల దాకా ఉన్నాడు. మొహం మడతలోకి పోయింది.

సీరియల్ పేజీకి వెనకవైపు ఏది పడితే అది వచ్చేది. నాయిక కుళ్లికుళ్లి ఏడ్చిన పేజీ తిప్పితే సగం గుత్తివంకాయ కూర, కింద ధనుస్సు నుంచి మీనం దాకా వారఫలాలు. కూర మొదటి సగం ఏ ఇంటి పొయ్యిలోకి పోయిందో! ఆ కూర రెండో సగం మాత్రం నాకు కంఠతా వచ్చు.

నవల పేరు చెప్పను. చెబితే మీలో సగంమంది కథంతా చెప్పేస్తారు.

మా బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లేమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాలుగేళ్లలో నాగపూర్ నుంచి అసన్‌సోల్ దాకా పట్టాలు వేసింది. ఆ దారిలో పెద్ద జంక్షన్ మాది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా ఈ లైనుమీదకి వచ్చారు. తర్వాత విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పడ్డాక, సొంతూరికీ క్వార్టరుకీ మధ్య ఒక్క రాత్రి ప్రయాణమే మిగిలింది. ఇప్పుడు మా ఊరు జోను కేంద్రం, ఆగ్నేయ మధ్య రైల్వేకి. కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఇక్కడ ఎక్కితే తెల్లారేసరికి విజయనగరం మాట చెవిన పడుతుంది. మా పిల్లలందరిదీ హిందీ మీడియం. నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది బడిలో కాదు, సీరియళ్ల పేర్ల మీద. వాటికి అక్షరాలు పెద్దవి కదా, బొమ్మకి ఆనుకుని వంకరటింకరగా రాసేవారు.

మా కాలనీలో నవల ఒక్కరే చదువుకునే వస్తువు కాదు. వారపత్రిక రైల్లో రెండు మూడు రోజులు ఆలస్యంగా దిగేది. కొనేది రెండిళ్లవాళ్లు, వినేది పదిళ్లవాళ్లు. చాలామంది ఆడవాళ్లకి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. మధ్యాహ్నం మగాళ్లు డ్యూటీకి పోయాక పిన్ని గుమ్మంలో కూర్చుని పైకి చదివేది. ఒకావిడ బియ్యం ఏరుతూ, ఇంకొకావిడ పిల్లదాని తల దువ్వుతూ వినేవారు. కుళాయి వచ్చే వేళకి చదువు ఆగేది. తరువాయి వచ్చేవారం అని పత్రిక రాసిన చోటు కన్నా, కుళాయి వచ్చి ఆగిన చోటే మాకు ఎక్కువ ఉత్కంఠ.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. దేశమంతా ఇరవై రోజులు. పెద్దవాళ్లకి అది ఉద్యోగాల సంగతి, అరెస్టుల సంగతి, క్వార్టరు ఉంటుందో ఊడుతుందో అన్న సంగతి. మా నాన్న ఆ రోజుల్లో ఒక్క రాత్రీ ఇంట్లో పడుకోలేదు. మా వయసుకి అందిన సంగతి ఒక్కటే, పత్రిక రాలేదు. మూడు వారాలు రాలేదు. నాయిక పెళ్లి నిశ్చయమై, అతగాడి ఉత్తరం ఒకటి దారి తప్పి వేరేవాళ్ల చేతిలో పడ్డ చోట కథ ఆగిపోయింది.

పిన్ని మాత్రం ఆపలేదు. గుమ్మంలో అదే వేళకి కూర్చుని, చేతిలో కాగితం లేకుండా కథ చెప్పుకుపోయింది. "పత్రిక రాలేదు కదే?" అని ఎవరో అంటే, "మా అన్నయ్య ఉత్తరంలో రాశాడు" అంది. రైళ్లే లేనప్పుడు ఉత్తరం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అప్పుడు అందరికీ కథే కావాలి. ఆ మూడు వారాల్లో పిన్ని నాయిక పెళ్లి చెడగొట్టింది, ఆమెని ఒంటరిగా రైలెక్కించింది, రాయగడ దగ్గర కొండల్లో బండి ఆపించింది. నాయకుడు ఇంజన్ డ్రైవరు కొడుకని తేల్చింది. రచయిత్రి అతన్ని ఎస్టేటు యజమానిగా పుట్టించింది, మర్చిపోకండి.

సమ్మె ముగిసి పత్రిక మళ్లీ వచ్చిన రోజున గొడవైంది. అచ్చులో నాయిక పెళ్లి పందిట్లోనే ఉంది. "పెళ్లి చెడిపోయింది కదా, మళ్లీ ఈ పందిరేటి?" అని అడిగారు అందరూ. పిన్ని పత్రిక వంక అనుమానంగా చూసి, "రాసినావిడకి మతిమరుపులా ఉంది" అంది.

మర్నాటి ఏడు నా నేస్తం ఆ బైండు నాకిచ్చి "చదివి ఇచ్చెయ్యే" అంది. నేను చదివేలోపు వాళ్ల నాన్నగారికి చక్రధర్‌పూర్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. సామాను వ్యాగన్లోకి ఎక్కించిన హడావిడిలో పుస్తకం ఎవరికీ గుర్తు లేదు. రైల్వే కాలనీల్లో అరువుపోయిన వస్తువులన్నిటి గతీ ఇంతే. చింతపండు గిన్నె, ఇస్త్రీపెట్టె, నవల, ఎవరి దగ్గర ఉండగా ఆర్డరు వస్తే వాళ్లదైపోతుంది.

మా స్టేషన్ మీద టాగోర్ రాసిన కవిత ఒకటుంది, 'ఫాంకి'. 1918లో వచ్చిన 'పలాతక' సంపుటిలోది. జబ్బు భార్యని గాలి మార్పుకి తీసుకెళుతూ ఒకతను బిలాస్‌పూర్‌లో బండి మారాలి. ఆరు గంటలు వెయిటింగు. ఆ కాసేపట్లో భార్యకి రుక్మిణి అనే కూలీ పెళ్లాంతో స్నేహమవుతుంది. ఆమె కూతురి పెళ్లికి పాతిక రూపాయలు ఇమ్మని భర్తని బతిమాలుతుంది. ఇస్తానని చెప్పి, చాటుగా రెండు రూపాయలిచ్చి తరిమేస్తాడు. భార్య రెండు నెలలకి పోతుంది. ఆ బాకీ తీర్చుకుందామని అతను తిరిగి బిలాస్‌పూర్ వస్తే రుక్మిణి లేదు, ఎక్కడికి పోయిందో చెప్పేవాళ్లూ లేరు. ఈ ఊళ్లో ఉండి ఆ కవిత తెలిసినవాళ్లు అప్పులు ఎగ్గొట్టి హాయిగా ఉండలేరు. అందుకే పోయినేడు డిసెంబరులో, ఫేస్‌బుక్ పుణ్యమా అని దొరికిన నా నేస్తం "మూడు వారాలు ఉండేలా రావే" అనగానే టిక్కెట్టు కొన్నాను. "ఊరగాయలు ఇక్కడ కొట్లో దొరుకుతాయి. పుస్తకం తే" అంది. ఏ పుస్తకమో ఇద్దరికీ తెలుసు.

దారిలో 'బారిష్టర్ పార్వతీశం' చదివాను. సముద్రాలు దాటేటప్పుడు అది తప్ప ఇంకోటి చదవడం దండగ. మొదటి భాగం వచ్చి నూరేళ్లు దాటింది, మొగల్తూరు కుర్రాడి బిత్తరచూపులు ఇప్పటికీ పాతబడలేదు. విమానంలో పక్క సీటాయన నా నవ్వుకి రెండుసార్లు నిద్ర లేచాడు.

డిట్రాయిట్ పక్కన ఒక చిన్న ఊళ్లో కూతురు, అల్లుడి దగ్గర ఉంటోంది నా నేస్తం. డిసెంబరులో అక్కడ ఎనిమిదింటికి గానీ తెల్లారదు, అయిదింటికల్లా చీకటి. వెళ్లిన నాలుగో రోజు మంచు మొదలై రెండు రోజులు పడింది. మంచంటే నాకు అంతవరకూ తెలిసింది తెలుగులోకి వచ్చిన రష్యా నవలల్లోనే, విశాలాంధ్ర కొట్లో నాలుగైదు రూపాయలకి దొరికిన మంచు. అసలుది చూస్తే మొదట పట్టలేని సంబరం, రెండో పూటకి ఇల్లు కదలలేని విసుగు. అప్పుడు పుస్తకాలు తీశాం.

తనకి కంటి ఆపరేషనై నెల. చదవకూడదన్నారు. కాబట్టి నేనే పైకి చదివాను. పైకి చదివితే రచయితల బండారం బయటపడుతుంది. మనసులో చదివినప్పుడు కన్ను పేరాలకి పేరాలు దాటేస్తుంది, నోటితో అలా దాటడానికి లేదు. ఎంతో ఇష్టంగా తీసుకెళ్లిన ఒక నవలని నలభయ్యో పేజీలో మూసేశాం, అందులో మనుషులు మాట్లాడరు, ఉపన్యాసాలిస్తారు. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' మాత్రం నోట్లో నీళ్లలా నడిచింది. 1957–58లో 'తెలుగు స్వతంత్ర'లో సీరియల్‌గా వచ్చిన విశాఖ నవల. అందులోని ఇందిర మాటకి మాట అంటిస్తుంటే గొంతు దానంతటదే ఎక్కేది. "ఇదెవరే, మన బుధవారీ బజారులో బేరమాడే పిల్లలా ఉంది" అంది తను. ఆ ఒక్క నవలే రాసి 1961లో ముప్ఫై రెండేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయింది శ్రీదేవి. చదవడం ముగిశాక కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు.

వాళ్లింట్లో సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి 'కొండపొలం' ఉంది, 2019లో తానా బహుమతి వచ్చిన నవల. గొర్రెల్ని మేపుకోడానికి కరువులో నల్లమల ఎక్కిన కాపర్ల కథ. కిటికీ బయట మోకాలెత్తు మంచు, పుస్తకంలో చుక్క నీటికి వెతుకులాట. కడప మాట నా నోట పడి నానా అవస్థలూ పడింది. పక్కగదిలో లాప్‌టాప్ ముందున్న అల్లుడు పట్టలేక లేచొచ్చాడు. అతనిది ప్రొద్దుటూరు. "అత్తా, అట్లా కాదు, ఇటివ్వండి" అని పుస్తకం లాక్కున్నాడు. ఆ రోజు ఆఫీసు పని సాయంత్రం మూడు గంటలు ఆగింది. ఇద్దరు ముసలాళ్ల కోసం మొదలుపెట్టి తనకోసం చదువుకుంటున్నాడని మాకు తెలుస్తూనే ఉంది. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998 నుంచీ పుస్తకాలు ముందేసుకుని మాట్లాడుకుంటోంది. అయినా అల్లుడు ఒక్కసారీ వెళ్లలేదట. ఇకనుంచి వెళతాడో లేదో నేను పూచీ పడను.

బైండు పుస్తకాన్ని చివరికి ఉంచాం. తను అట్ట నిమిరింది. స్వామి పాదాల మీద వేలు పెట్టి అక్కడే ఉంచేసింది. మధ్యలో మూడు వారాలు లేని చోటికి రాగానే నేను ఆగాను. "చదువేటి?" అంది. చెప్పాను. పిన్ని చెప్పిన కథ ఇద్దరికీ గుర్తుంది, రెండు రకాలుగా. నా జ్ఞాపకంలో బండి ఆగింది కొండచరియ పడి. తనేమో ఏనుగులొచ్చి ఆగిందంటుంది. వాదన ముదిరాక అల్లుడు ఎక్కడో స్కాన్ చేసి పెట్టిన పాత సంచికలు వెతికి, ఆ మూడు వారాలూ తెరమీద తెచ్చాడు. ఆత్రంగా చదివాం.

మూడు వారాల్లో ఏమీ జరగలేదు. నాయికకి జ్వరం. మొదటి వారం వచ్చింది, రెండో వారం ఉంది, మూడో వారం తగ్గింది. డాక్టరు రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు. దారి తప్పిన ఉత్తరం ఊసే లేదు.

"మతిమరుపు రాసినావిడకే" అంది నా నేస్తం.

మర్నాడు అల్లుడి చేత రూళ్ల కాగితాలు తెప్పించుకుని పిన్ని చెప్పిన మూడు వారాలూ రాశాను. ఏనుగుల్ని ఒప్పుకున్నాను, వాళ్లమ్మ కదా. ఆ దేశంలో దబ్బనం దొరకలేదు. గోనెసంచులు కుట్టే సూది ఏదో దొరికితే దాంతో పాత బెజ్జాల్లోంచే కొత్త దారం దూర్చి కుట్టాం. పుస్తకం ఇప్పుడు దాని ఇంట్లో ఉంది. సున్నుండలు తేలేదని మాత్రం తను ఇప్పటికీ ఫోన్లో సాధిస్తూనే ఉంది.